అయిదొందల లోపు

బందరు,
24 జూలై 2000.

చి. కల్పనకు అత్తయ్య దీవెనలు.

ఇక్కడ నేను క్షేమం. నా మోకాళ్ళు మాత్రం క్షేమం కాదు. ముప్ఫై రెండేళ్ళు స్కూల్లో ఈలలూది ఆడపిల్లల్ని పరిగెత్తించాను కదా, ఇప్పుడవి నన్ను కుర్చీలో కూర్చోబెట్టాయి. మీ నాన్న మొన్న కోడూరు నుంచి వచ్చి రెండు కిలోల రొయ్యలు గుమ్మంలో పెట్టి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. చెరువు తవ్వించిన దగ్గర్నుంచీ మా తమ్ముడికి రొయ్యలతో తప్ప మనుషులతో మాట్లాడే తీరిక లేదు. హైదరాబాదులో కంప్యూటర్ల కంపెనీలో చేరాక నీకూ లేదనుకో.

నీకో పని చెప్తాను. ఆడవాళ్ళ టెన్నిస్ ప్రపంచ ర్యాంకులు ప్రతి సోమవారం ఇంటర్నెట్‌లో పెడతారట. మన పేపరు వాడు పై పది పేర్లు వేసి ఊరుకుంటాడు. నాకు పట్టిక కావాలి, వారం వారం కావాలి. ఫోన్‌లో చదువుతానంటావేమో, వద్దు. పక్కింట్లో నిలబడి, వాళ్ళ టీవీ మోతలో అంకెలు రాసుకోవడం నా వల్ల కాదు. కాగితం మీద పంపు. ఎందుకని మాత్రం అడక్కు.

వేళకి తిను. ఆదివారం ప్రార్థనకి వెళ్తున్నావో లేదో నేను అడగను, నువ్వే చెప్పు.

మీ అత్తయ్య,
విజయకుమారి

*

హైదరాబాద్,
31 జూలై 2000.

అత్తయ్యా,

ఎందుకని అడగను. ఇదిగో ఈ వారం మొదటి ఇరవై మంది, ప్రింటు తీసి పెట్టాను. రిటైరయ్యాక అందరూ సీరియళ్ళు చూస్తుంటే నువ్వు టెన్నిస్ తారల వెంట పడ్డావన్నమాట. నీకు ఎవరిష్టమో చెప్పు, రంగుల ఫోటో కూడా తీసి పంపుతాను. మా ఆఫీసులో కొత్త ప్రింటరు వచ్చింది, మేనేజరు సాయంత్రం ఆరింటికే ఇంటికి పోతాడు.

ప్రార్థనకి నెలకి రెండు వారాలు వెళ్తున్నాను. నిజం చెప్పాను, నాన్నకి చెప్పకు.

నీ కల్పన

*

బందరు,
5 ఆగస్టు 2000.

చి. కల్పనకు,

నీ ఇరవై మందీ అందారు. వాళ్ళని నేనేం చేసుకోను? వాళ్ళ ఫోటోలు మంగలి షాపులో కూడా ఉన్నాయి. నాకు కావలసింది అయిదొందలకీ ఆరొందలకీ మధ్య ఉన్న ఒక్క పేరు. చెప్పకుండా పని జరగదు కాబట్టి చెప్తున్నాను.

శ్రీలేఖ గుర్తుందా? గుడివాడ ధర్మారావు గారి అమ్మాయి. తొంభైలో తుఫాను వచ్చినప్పుడు మా స్కూలు కోర్టు కంచె మొత్తం పడిపోయింది, నేల మీద జానెడు బురద. నేనూ, వాచ్‌మన్ ఏసుపాదమూ ఆ బురద ఎత్తిపోస్తుంటే, వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని వచ్చింది. పదేళ్ళ పిల్ల, ఇస్త్రీ గౌను. "మా అమ్మాయికి టెన్నిస్ నేర్పుతారా అండీ" అన్నారాయన. "ముందు తట్ట పట్టుకోమనండి" అన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నారు గానీ ఆ పిల్ల పట్టుకుంది. సాయంత్రం దాకా బురద మోసింది. ఆ గౌను మళ్ళీ తొడుక్కోవడానికి పనికొచ్చి ఉండదు.

ఆ రోజు నుంచి ఏడేళ్ళు. శని, ఆదివారాలు గుడివాడ పాసింజరులో వచ్చేది. మనకి ఉన్నది మట్టి కోర్టు. తెల్లారగట్ల నీళ్ళు చల్లి, రోలరు లాగి, సున్నంతో గీతలు గీసేసరికి ఏడయ్యేది. పది దాటితే సముద్రం గాలి మొదలై బంతి ఎటు పోతుందో దానికే తెలీదు. ఆ గాలిలో ఆడి ఆడి, గాలిని లెక్కలో వేసుకుని కొట్టడం నేర్చుకుంది. అలాంటి చెయ్యి నేను ఇంకో పిల్లలో చూడలేదు. ఆ మాట మాత్రం ఆమెతో ఎప్పుడూ అనలేదు. పొగిడితే పాడవుతారని మా కాలం వాళ్ళ పద్ధతి.

తొంభై ఏడులో ధర్మారావు గారు మా గదికొచ్చి, మద్రాసు అకాడమీకి పంపిద్దామనుకుంటున్నాను, పెద్ద ప్లేయరవుతుందా అండీ అని అడిగారు. నేనేమన్నానో తెలుసా? "జిల్లా దాటుతుంది. మహా అయితే రాష్ట్రం. అంతకంటే ఆ ఒంట్లో లేదండీ." నిజంగా అనుకునే అన్నానో, నా చేతిలోంచి పిల్లని తీసుకుపోతున్నారన్న దుగ్ధతో అన్నానో, ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను. శ్రీలేఖ గుమ్మంలోనే ఉంది, విన్నది. రాకెట్ తీసుకుని స్టేషన్‌కి వెళ్ళిపోయింది. తర్వాత ఒక్క ఉత్తరం ముక్క లేదు.

పోయినేడు పేపర్లో రెండు లైన్లు పడ్డాయి. గుడివాడ అమ్మాయికి ప్రపంచంలో అయిదొందల ఎనభై ఎనిమిదో ర్యాంకు అని. జిల్లా అన్నాను, ప్రపంచం దాకా వెళ్ళింది. ఆ పూట అన్నం సయించలేదు. సంతోషం సగం, సిగ్గు సగం.

ఇప్పుడు నా ఉద్దేశం ఇది. ఆమె అయిదొందల లోపుకి వచ్చిన వారం నేను ఉత్తరం రాస్తాను. నా మాట తప్పు, నన్ను క్షమించమని రాస్తాను. ఊరికే పోయి కాళ్ళావేళ్ళా పడటం నాకు చేతకాదు. ఒక మంచి అంకె చేతిలో ఉంటే ఆ వంకన మాట కలుపుతాను. అందుకే నాకు పట్టిక. నవ్వితే చెవి మెలిపెడతాను.

మీ అత్తయ్య,
విజయకుమారి

*

హైదరాబాద్,
16 ఆగస్టు 2000.

అత్తయ్యా,

నవ్వలేదు. శ్రీలేఖ నాకు బాగా గుర్తుంది. వేసవి సెలవులకి నేను కోడూరు నుంచి నీ దగ్గరికి వచ్చేది నీతో ఉందామని. నువ్వు నాకిచ్చిన పని ఆ అమ్మాయి కొట్టిన బంతులు ఏరడం. కంచె అవతల తుమ్మ ముళ్ళలో పడ్డవి కూడా. నాకూ నేర్పు అత్తయ్యా అంటే, "నీకు చదువుందిలే" అన్నావు. ఇప్పటికీ నాకు కడుపుమంటే. రాయకుండా ఉండలేకపోయాను, చదివి వదిలెయ్యి.

సరే, నీ పని చేశాను. ఆ సైటులో పూర్తి పట్టిక ఉంది, వెయ్యి పైచిలుకు పేర్లు. ప్రతి వారం కూర్చుని వెతకడం విసుగని చిన్న ప్రోగ్రాం రాశాను. సోమవారం మధ్యాహ్నం అదే వెళ్ళి పట్టికంతా దింపుకుని, శ్రీలేఖ ఉన్న వరస ఒక్కటి ఏరి నాకు చూపిస్తుంది. బంతులు ఏరిన అనుభవం ఇలా పనికొచ్చింది.

పేరు పక్కన దేశం, పాయింట్లు, ఎన్ని టోర్నమెంట్లు ఆడింది అని బోలెడు గడులున్నాయి. నీ కళ్ళకి కష్టమని అవన్నీ తీసేశాను. తేదీ, పేరు, ర్యాంకు, పెద్ద అక్షరాల్లో. కవర్లో పెట్టాను చూడు. 571.

పేపర్లో పడ్డప్పటికంటే పదిహేడు మెట్లు పైకొచ్చింది. నీ ఉత్తరం ఇప్పటి నుంచే రాసి పెట్టుకో.

నీ కల్పన

*

బందరు,
9 అక్టోబరు 2000.

చి. కల్పనకు,

కాగితాలన్నీ అందుతున్నాయి. సోమవారం నువ్వు పోస్టు చేస్తే నాకు గురువారం. గురువారం పదకొండింటికి వీధి అరుగు మీద కూర్చుంటున్నాను. పోస్టుమాన్ దైవాధీనం నాకు ఎవరో సంబంధం చూస్తున్నారని ఎగతాళి చేస్తున్నాడు.

కానీ ఏమిటే ఇది? 571 అన్నావు, 584 అయింది, ఇప్పుడు 612. ఎందుకు దిగుతోంది? నాకు తెలిసి ఇది రెండో సర్వీసు జబ్బు. ముందు నుంచీ ఉంది. మొదటిది తప్పిపోతే భయపడి, రెండోదానికి బంతిని తల మీదకే ఎగరేస్తుంది. ముందుకు ఎగరెయ్యాలి. మద్రాసు వాళ్ళకి ఆ సంగతి చెప్పేవాళ్ళెవరు? నీ ప్రోగ్రాం వారం వారం అక్కడికి వెళ్ళి వస్తోంది కదా, వెళ్ళినప్పుడు ఈ ఒక్క ముక్క ఆమెకి అందేలా పెట్టి రాగలదేమో చూడు. నా పేరు చెప్పొద్దు.

మొన్న రిక్షా కట్టించుకుని స్కూలుకి వెళ్ళాను. కోర్టు లేదు. అందులో సైకిల్ స్టాండు వేశారు. ఏసుపాదం పోయిన ఏడాదే కాలం చేశాడట, నాకెవరూ చెప్పలేదు. ఆ రోలరు మాత్రం గోడ పక్కన తుప్పు పట్టి ఉంది. ఆదివారాలు ఆట అయ్యాక ఏసుపాదం భార్య తెచ్చిన చల్ల తాగి, మీరిద్దరూ ఆ రోలరు మీదెక్కి కాళ్ళూపుకుంటూ కూర్చునేవాళ్ళు. నువ్వు మొహం ముడుచుకుని, ఆమె ఏదో చెప్తూ. నీకు గుర్తుండదు, నీకు ముళ్ళే గుర్తున్నాయి.

మీ అత్తయ్య,
విజయకుమారి

*

హైదరాబాద్,
20 నవంబరు 2000.

అత్తయ్యా,

నాకు చల్ల కూడా గుర్తుంది. అందులో కరివేపాకు ఎక్కువ.

నా ప్రోగ్రాం తెచ్చుకోవడమే గానీ ఇచ్చి రాదు. మనం పేపరు చదివితే పేపర్లోవాళ్ళకి మన సంగతి తెలియదు కదా, ఇదీ అంతే. ఆమె ఎక్కడుందో, ఏ ఊళ్ళో ఆడుతోందో కూడా దానికి తెలీదు.

ఈ వారం 718. నెలన్నరలో వంద మెట్లు దిగింది. అత్తయ్యా, కోప్పడకు. ఇంక అయిదొందల కోసం ఆగకు. గెలిచేవాళ్ళకి ఉత్తరాలు రాసేవాళ్ళు చాలామంది ఉంటారు. ఇప్పుడే రాయి. గుడివాడ ఇంటి అడ్రసుకి రాస్తే వాళ్ళ నాన్నగారు ఆమె ఉన్నచోటికి పంపుతారు.

ఇంత చెప్పేంతదాన్నయ్యానా అంటావు. అయ్యాను.

నీ కల్పన

*

బందరు,
18 డిసెంబరు 2000.

చి. కల్పనకు,

నువ్వన్నట్టే రాశాను. మూడు కాగితాలు చింపి నాలుగోది పోస్టు చేశాను. దాచడమెందుకు, రాసింది ఇదే: "శ్రీలేఖా, నీ ర్యాంకు వారం వారం చూస్తున్నాను. దిగుతోందని దిగులుపడకు. ఎన్ని ఓడినా రాకెట్ కింద పెట్టకుండా ఆడుతున్నావు చూడు, అది అందరి వల్లా కాదు. ఆ రోజు మీ నాన్నగారితో నేనన్న మాట తప్పు. నీ ఒంట్లో ఏముందో నువ్వే చూపించావు." అమ్మాయి చదువుకుని కాస్త ధైర్యపడుతుందనుకున్నాను.

జవాబు నాలుగో రోజునే వచ్చింది. కార్డు. గుడివాడ ముద్ర ఉంది, పండక్కి ఇంటికొచ్చినట్టుంది. రెండే వాక్యాలు. "టీచర్, మీరన్న మాటే నిజమైంది కదండీ. ఇంకా ఈ ఎగతాళి ఎందుకు?"

ఎగతాళి అట. నేను ఎగతాళి చేశానట. ఆ ఉత్తరంలో ఎక్కడుందే ఎగతాళి? ఆమెకి నా మీద ఇంకా అంత కోపం ఉందని నాకు తెలీదు. క్రిస్మస్ నక్షత్రం కట్టడానికి తెచ్చిన కాగితాలు అలాగే మూల పడి ఉన్నాయి. కట్టబుద్ధి కావడంలేదు.

అయినా నువ్వు కాగితం మానకు. నా మీద కోపమున్నా ఎక్కడో ఆడుతోందని తెలిస్తే చాలు నాకు.

మీ అత్తయ్య

*

బందరు,
27 మార్చి 2001.

కల్పనా,

రెండు గురువారాలు కాగితం రాలేదు. మార్చి మొదటి వారానిది 861. ఆ తర్వాత ఏమైంది? తొమ్మిదొందలు దాటిందా? నాకు చెప్తే బాధపడతానని దాస్తున్నావా? నేను ముప్ఫై రెండేళ్ళు ఓడిపోయిన జట్లని బస్సులో ఇంటికి తీసుకొచ్చినదాన్ని. ఎంతైనా సరే, పంపు.

అత్తయ్య

*

హైదరాబాద్,
2 ఏప్రిల్ 2001.

అత్తయ్యా,

దాచానని కాదు. ఏం చెప్పాలో నాకే తెలియలేదు. కూర్చుని చదువు.

మార్చి పన్నెండున ప్రోగ్రాం ఏమీ తేలేదు. చెడిపోయిందనుకుని దాన్ని విప్పి సరిచూశాను, బాగానే ఉంది. పట్టిక మొత్తం కళ్ళతో వెతికాను. శ్రీలేఖ పేరు లేదు. పందొమ్మిదినా లేదు. అప్పుడు ఆ సైటులో నియమాలు చదివాను. ఆ పని ఆగస్టులోనే చేసి ఉండాల్సింది.

ఒక టోర్నమెంటులో తెచ్చుకున్న పాయింట్లు ఏడాదిపాటు పట్టికలో ఉంటాయట. ఏడాది నిండగానే రాలిపోతాయి. మనిషి ఆట మానేసినా ఆ పాత పాయింట్ల మీద పేరు ఏడాది దాకా నిలిచే ఉంటుంది. కొత్తవి చేరవు గనక మెల్లగా కిందికి జారుతుంది.

ప్రతి సోమవారం దింపిన పూర్తి పట్టికలు నా దగ్గర దాచే ఉన్నాయి. నేను తీసేసిన టోర్నమెంట్ల గడి తెరిచి చూశాను. ఏడాదిలో ఆడినవి ఎన్ని అని చూపించే గడి అది. ఆగస్టులో పదహారు. అక్టోబరులో పదమూడు. నవంబరులో పది. ఫిబ్రవరిలో మూడు. ఒక్క వారమైనా ఒక్కటి పెరగలేదు. అంటే ఆమె ఆఖరుసారి ఆడింది కిందటేడు మార్చిలో. మనం మొదటి కాగితం తీసేటప్పటికే ఆట ఆగిపోయి అయిదు నెలలైంది.

ఓడిపోతోందనుకున్నావు. ఆమె ఓడిపోలేదు అత్తయ్యా, అసలు ఆడలేదు. ఇప్పుడు నీ ఉత్తరం ఆమె వైపు నుంచి ఒకసారి చదువు. రాకెట్ వదిలేసి ఇంట్లో కూర్చున్న పిల్లకి, రాకెట్ కింద పెట్టకుండా ఆడుతున్నావు అని రాశాం. పండక్కి వచ్చిందనుకున్నాం. గుడివాడలోనే ఉండి ఉంటుంది.

ఆ గడి నేను ఉంచి ఉంటే నువ్వు సెప్టెంబరులోనే పట్టేసేదానివి. నీ కళ్ళకి కష్టమని తీసేశానన్నాను, అది సగమే నిజం. ఆ పిల్ల గురించి అంతకంటే ఎక్కువ చూడటం నాకిష్టంలేకపోయింది. ముప్ఫై కాగితాలు పంపాను, ఒక్కసారైనా పక్క గడి చూడలేదు. నన్ను తిట్టు. తిట్టి, గుడివాడ వెళ్ళు.

కల్పన

*

బందరు,
11 ఏప్రిల్ 2001.

చి. కల్పనకు అత్తయ్య దీవెనలు.

నిన్ను తిట్టను. బంతులు ఏరించి చల్ల ఇచ్చి సరిపెట్టాను, ఒక్కనాడైనా రాకెట్ చేతికివ్వలేదు. నీకు చదువుందిలే అన్నది కూడా అప్పటికి తోచిన మాటే. ఈ మాట నీకు ఎప్పుడో చెప్పాల్సింది. నా నోట ఆలస్యంగా వచ్చేవి ఇలాంటివే.

మట్టల ఆదివారం ప్రార్థన అయిన మర్నాడు గుడివాడ బస్సెక్కాను. గుడ్లవల్లేరు దాకా నిలబడే వెళ్ళాను, ఆ తర్వాత ఒకమ్మాయి లేచి సీటిచ్చింది. ఇంటి ముందు రిక్షా దిగేసరికి ధర్మారావు గారు వరండాలో ఉన్నారు. చాలా చిక్కిపోయారు. రెండేళ్ళ కిందట ఆయన భార్య పోయిన సంగతి కూడా నాకు తెలియదు. నన్ను చూసి లేచి నిలబడ్డారు గానీ రండి అనలేదు. నేనే లోపలికి వెళ్ళాను.

శ్రీలేఖ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. కిందటేడు మార్చిలో ఆటలో భుజంలో నరం తెగిందట. మద్రాసులో ఆపరేషన్ చేసినా చెయ్యి భుజం కంటే పైకి లేవదట. విశ్రాంతికొచ్చిందని ఊళ్ళోవాళ్ళకి చెప్తూ ఏడాది నెట్టుకొచ్చారు. నన్ను చూసి, "కూర్చోండి టీచర్" అంది. అంతే అంది.

నువ్వు పంపిన కాగితాలన్నీ ఆమె ముందు పెట్టాను. నువ్వు తీసేసిన గడి సంగతీ, నేను అరుగు మీద కూర్చున్న సంగతీ, రెండో సర్వీసు సంగతీ అన్నీ చెప్పాను. "నువ్వు ఆడుతున్నావనే అనుకున్నానమ్మా. ఎగతాళి కాదు. ఆ రోజు నేనన్నది తప్పు. నీలాంటి చెయ్యి ఇంకోటి చూడలేదు. నువ్వు పోతున్నావని ఓర్వలేక అన్నాను" అన్నాను. ధర్మారావు గారు గుమ్మంలో నిలబడి విన్నారు, వింటే విన్నారు.

ఆమె ఒక్కో కాగితం తిరగేసింది. ఆఖరుది పక్కన పెట్టి అడిగింది. "ప్రతి వారం చూశారా టీచర్?"

"ప్రతి వారం."

"అయిదొందల ఎనభై ఎనిమిది వచ్చినప్పుడు మీకు ఫోన్ చేద్దామని పక్కింటివాళ్ళ నంబరు కూడా సంపాదించాను టీచర్. ఇంకాస్త మంచి ర్యాంకు వచ్చాక చేద్దాంలే అని ఊరుకున్నాను" అంది.

కల్పనా, ఇద్దరం మంచి అంకె కోసం కూర్చున్నాం. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు, నాకు మంచినీళ్ళు తెచ్చింది. ఎడమ చేత్తో తెచ్చింది.

బల్ల మీద కత్తెర ఉంది. ఎందుకని అడిగాను. చెయ్యి లేవక జుట్టు దువ్వుకోవడం రావడంలేదట, నాన్నకి జడ వెయ్యడం రాదట, ఆ రోజు మధ్యాహ్నమే అంతా కత్తిరించేసుకుందామనుకుందట. నడుం దాకా ఉంది జుట్టు. కత్తెర తీసి ధర్మారావు గారి చేతిలో పెట్టి, ఆమెని కింద కూర్చోబెట్టి చిక్కు తీశాను. గంట పట్టింది. రెండు జడలు వేశాను. జడలు వేస్తుంటే, ఇప్పుడు నా ర్యాంకెంత టీచర్ అని అడిగింది. లేదమ్మా అన్నాను. ఊఁ అంది. రెండో జడ ముడి వేసేసరికి, మళ్ళీ ఎప్పుడు వస్తారు అంది.

జడ రెండు మూడు రోజులకంటే నిలవదు. ఇంక సోమవారం కాగితాలు పంపకు. సోమవారాలూ, గురువారాలూ నేను గుడివాడలో ఉంటాను.

మీ అత్తయ్య,
విజయకుమారి